ముప్పై ఒక్క పరుపులు

సుగుణకు లెక్కలు రావని ఆమె భర్త రామ్మోహన్ నలుగురిలోనూ ఎగతాళి చేస్తుంటాడు. మైలుకీ కిలోమీటరుకీ తేడా చెప్పలేదు. చలి ఎన్ని డిగ్రీలుందంటే "మస్తుగున్నది" అంటుంది. నిజమే. కానీ ఆమెను ఏదైనా గది గుమ్మంలో నిలబెట్టి, ఇందులో ఎంతమంది పిల్లలు పడుకోగలరని అడిగి చూడండి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్క చూపు చూసి అంకె చెప్పేస్తుంది. తర్వాత మీరు టేపు తెచ్చి కొలుచుకున్నా ఒకరు అటో ఇటో తప్ప తేడా రాదు.

ఈ విద్య ఆమె ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. కరీంనగర్ జిల్లాలో ఒక ఆడపిల్లల సంక్షేమ హాస్టల్లో పద్నాలుగేళ్లు వార్డెన్‌గా పనిచేసింది. నలభై మందికని కట్టిన హాలులో తొంభై మంది ఉండేవారు. పొద్దున్నే చాపలు, దుప్పట్లు చుట్టి గోడవారగా పెడితే అది చదువుకునే గది. కంచాలు వేస్తే భోజనాల గది. మళ్లీ చాపలు పరిస్తే పడకగది. పడుకునే ముందు సుగుణ తలలు లెక్కపెట్టేది, తలుపు మూసి లోపల గడియ పెట్టేది, పెట్టిన గడియను రెండుసార్లు లాగి చూసుకునేది. ఆ పద్నాలుగేళ్లలో గడియ పెట్టకుండా ఆమె కన్ను మూసిన రోజు లేదు. ఆడపిల్లలను కన్నవాళ్లు ఆ గడియ మీద నమ్మకంతోనే పిల్లలను వదిలి వెళ్లేవారు.

రామ్మోహన్ వెల్డర్. ఆయన పని చూసుకుని భార్యాభర్తలు పదేళ్ల కిందట విదేశం వెళ్లి, బ్రాంప్టన్ అనే ఊరు చేరారు. వచ్చిన కొత్తలో సుగుణ పక్కనే వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలకు టేపు అంటించింది. మాట్లాడే మనిషి లేక, చూసుకునే పిల్ల లేక ఆమెకు అక్కడ ఊపిరాడలేదు. చివరికి బ్రాంప్టన్‌కు రెండు గంటల దూరంలో, ఒక సరస్సు ఒడ్డున ఉన్న పిల్లల వేసవి క్యాంపులో వంటపని దొరికింది. ఏటా మంచు కరిగేటప్పుడు వెళ్లి, ఆకులు రాలేటప్పుడు తిరిగొస్తుంది. పాస్తా కలిపే గరిటె అయితేనేం, చుట్టూ పిల్లల అరుపులుంటే ఆమెకు అన్నం సయిస్తుంది.

రెండు వేల ఇరవై రెండు ఏప్రిల్‌లో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు నెలలకు, ఆ క్యాంపుకు ముప్పై ఒక్కమంది పిల్లలు వచ్చారు. అందరూ ఒకే ఊరి బడి పిల్లలు. బాంబులు పడుతుంటే ఆ బడి నేలమాళిగలో పద్దెనిమిది రోజులున్నారు. ఆ తర్వాత రైళ్లు, బస్సులు, విమానం. వాళ్లతో ఒక్సానా అనే టీచరమ్మ వచ్చింది. ఎటోబికో అనే చోట విమానాశ్రయం దగ్గరి హోటల్లో కొన్నాళ్లు ఉంచారు కానీ ఆ గదులు వేరేవాళ్లకు ముందే ఇచ్చేశారట. ఊళ్లో ఎక్కడ చూసినా హోటళ్లు నిండిపోయి ఉన్నాయి. క్యాంపు ఖాళీగా ఉందని ఎవరో చెబితే, శనివారం పసుపు పచ్చ స్కూలు బస్సులో ఇక్కడికి తీసుకొచ్చారు.

ఖాళీగా ఉన్నమాట నిజమే. పన్నెండు చెక్క క్యాబిన్లు వరసగా ఉన్నాయి. వాటిలో హీటరున్నవి రెండే. సరస్సు మీద ఇంకా మంచు పలకలు తేలుతున్న కాలంలో మిగతా పదీ ఉన్నా లేనట్టే. ఆ రెండింటిలో మంచాలు ఇరవై.

క్యాంపు మేనేజరు హెలెన్ తల పట్టుకుంది. సుగుణ మాత్రం చీర కుచ్చిళ్లు పైకి దోపినంత ఉత్సాహంగా ప్యాంటు అంచులు మడుచుకుంది. "నేను సర్దుతాను, ఫికరు చెయ్యకు" అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. (ఇకమీదట ఆ ఇంగ్లీషంతా మనం తెలుగులోనే చెప్పుకుందాం.) వేసవి క్యాబిన్లలోంచి పరుపులు ఈడ్చుకొచ్చింది. మంచాల మధ్య ఒకటి, మంచాల కింద సగం దూరేటట్టు ఒకటి, తలుపు పక్కన ఒకటి వేసి, ఒక క్యాబిన్లో పదహారు మందిని, రెండోదాంట్లో పదిహేను మందిని పట్టించింది. అంతటితో ఆగితే బాగుండేది. షెడ్డులోంచి ఒక ఇనుప గడియ వెతికి తెచ్చి, ఆడపిల్లల క్యాబిన్ తలుపుకు లోపలి వైపు నాలుగు మేకులతో బిగించింది. రెండుసార్లు లాగి చూసుకుని, ఇప్పుడు నిమ్మళంగా ఉందనుకుంది.

ఆ పిల్లల్లో దరీనా అని పన్నెండేళ్ల పిల్ల ఉంది. దాని తమ్ముడు మత్వీకి ఆరేళ్లు. పగలంతా వాడు అక్క జాకెట్టు అంచు పట్టుకునే తిరిగేవాడు, రాత్రి ఆడపిల్లల క్యాబిన్లోనే అక్క పక్కన పడుకునేవాడు. పడుకునేటప్పుడు దరీనా తన ఎడమ బూటుకున్న తాడు విప్పి, ఒక కొస తన మణికట్టుకు, రెండో కొస వాడి మణికట్టుకు కట్టుకునేది. పొద్దున విప్పి తాడు జేబులో పెట్టుకునేది గానీ బూటుకు మాత్రం ఎక్కించేది కాదు. ఎడమ బూటు టపటపలాడుతూనే నడిచేది. ఒక్సానాను అడిగితే, నేలమాళిగలో దీపాలు ఆరిపోయిన రోజు నుంచి అలవాటైందని చెప్పింది.

మంగళవారం పొద్దున ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బ్రూస్ అని ఆరడుగుల పైచిలుకు మనిషి, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. సుగుణ తన పనితనం చూపించాలని తనే ముందు నడిచింది. ఆయన క్యాబిన్లోకి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేయడానికి నేల కనిపించలేదు. వెనక్కి తిరిగి తలుపు చూశాడు. గడియ చూశాడు. ఆ మొహంలో రంగు మారడం సుగుణకు కూడా తెలిసింది.

"ఇది ఎవరు బిగించారు?" అన్నాడు.

"నేనే సార్. ఆడపిల్లలు కదా."

"నిప్పంటుకుంటే పొగలో ఆరేళ్ల పిల్ల ఈ గడియ వెతుక్కుంటుందా? బయటి నుంచి మేం ఎలా తీస్తాం? మేడమ్, ఇది తలుపు కాదు, బోను."

అక్కడికక్కడే స్క్రూడ్రైవర్ తీసి గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇరవై మంచాలకు ఇరవై మందే, ఒక్కరు ఎక్కువున్నా క్యాంపు మొత్తం మూయిస్తానని రాసి సంతకం పెట్టాడు. మిగతా పదకొండు మందిని శుక్రవారంలోగా వేరే చోటికి పంపాలి. పిల్లలను తెచ్చిన సంస్థ వాళ్లు ఫోన్లమీద ఫోన్లు చేసి, ఐదు గంటల దూరంలో ఒక చర్చి వసతి గృహంలో పదకొండు పడకలు సంపాదించారు. శుక్రవారం పదింటికి బస్సు వస్తుందన్నారు.

"ముందు ఇరవై ఐదు దాకా ఒప్పిద్దామనుకున్నాను సుగుణా. ఆ గడియ చూశాక ఆయన ఇక మన మాట వింటాడా?" అంది హెలెన్. అరవలేదు. అరిచి ఉంటే సుగుణకు ఇంకాస్త తేలికగా ఉండేది.

సాయంత్రం హెలెన్ వంటింట్లోకి ఒక కాగితం తెచ్చింది. ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి, ఎదురుగా గీతలు గీసి ఉన్నాయి. పేర్లు రాయమంటే ఒక్సానా ఏడుస్తూ వెళ్లిపోయిందట. "నీకు హాస్టల్ అనుభవం ఉంది. పెద్దపిల్లలైతే తట్టుకుంటారు. పదేళ్లు దాటినవాళ్లను రాస్తే సరిపోతుంది కదా?" అంది.

పదేళ్లు దాటినవాళ్లలో దరీనా ఉంది. దాటనివాళ్లలో మత్వీ ఉన్నాడు.

సుగుణ కాగితం తీసుకుని పిండి డబ్బా మీద పెట్టింది. పెన్ను పట్టుకుంది. చెయ్యి ముందుకు పోలేదు, ఎందుకంటే ఆ చెయ్యి ఇంతకు ముందొకసారి ఇలాంటి లిస్టు రాసింది. హాస్టల్లో తొంభై మంది నూట పది అయిన ఏడాది, ఇరవై మందిని పక్క మండలానికి పంపమని పైనుంచి ఆర్డరొచ్చింది. వయసు ప్రకారం రాస్తే ఎవరూ వేలెత్తి చూపరని, కళ్లు మూసుకుని వయసు ప్రకారమే రాసింది. రాజమణి పేరు లిస్టులో పడింది. రాజమణి చెల్లెలు కళావతి హాస్టల్లోనే మిగిలింది. వారం తిరగకుండా కళావతి అక్క కోసం గోడ దూకి వెళ్లిపోయింది. మూడో రోజు బస్టాండులో దొరికింది గానీ మళ్లీ బడి మొహం చూడలేదు. చెల్లెలికి తోడని రాజమణి కూడా పుస్తకాలు కట్టేసింది. ఇద్దరూ పత్తి చేలకు కూలికి పోతున్నారని తర్వాత ఎవరో చెప్పారు. కళావతి మొహం ఇప్పటికీ సుగుణకు అన్నం ముద్దలో కనబడుతుంది. అందరూ ఆఫీసరును తిట్టారు, ఇరుకును తిట్టారు. లిస్టు రాసిన చెయ్యి ఎవరిదో సుగుణకు ఒక్కదానికే గుర్తుంది.

పెన్ను పక్కన పెట్టి రామ్మోహన్‌కు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"నీకెందుకే గీ కొరివి? నెత్తి గోక్కోనికి ఇంకేం దొరకలేదా?" అన్నాడాయన. "గా గడియ బిగించేముందు ఒక్కసారి నన్నడిగితే ఏం బోయింది? ఈడ తలుపులకు అట్ల గడియలు పెట్టరు."

"తప్పయింది. ఒప్పుకుంటున్న. గని పిల్లల్ని మాత్రం పంపనియ్య. రాజమణోళ్లను పంపిన గదా, సాలు."

ఆ పేరు వాళ్లింట్లో ఊరికే పలికే పేరు కాదు.

"జాగ లేదంటున్నరు గదా మరి?" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు సుగుణ తలెత్తి చూసింది. వంటింటి కిటికీలోంచి అవతల భోజనాల హాలు. నూట ఇరవై మంది కూర్చుని తినే హాలు. హీటరుంది, పైకప్పుకు నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి, అటూ ఇటూ నెట్టగానే తెరుచుకునే పెద్ద తలుపులు రెండున్నాయి. రోజుకు మూడుసార్లు అందులోకి వెళ్తూ వస్తూ కూడా, ఎవరికీ అందులో చోటు కనబడలేదు. ఈ దేశంలో మంచమంటే నాలుగు కాళ్లతో ఒకచోట పాతుకుపోయిన వస్తువు. మంచాలు వేస్తే బల్లలు ఉండవు, బల్లలు వేస్తే మంచాలు ఉండవు. పక్కను చుట్టి మూలన పెట్టవచ్చని వీళ్లకు తట్టలేదు. తట్టాల్సిన సుగుణకేమో, మంచాలు కనబడేసరికి ఆ మంచాల మధ్యే బుర్ర ఇరుక్కుపోయింది.

"జాగ ఉన్నది" అంది. "ముప్పై ఒక్క పరుపులు గావాలె. సుట్టేటియి. ఎల్లుండికల్లా."

క్యాంపు పరుపులు చెక్కల్లా గట్టివి, వంగవు. చుట్టే పరుపులు ఎక్కడుంటాయో బ్రాంప్టన్లో బతికిన వాళ్లెవరికైనా తెలుసు. సుగుణ వెంటనే అనితకు ఫోన్ కలిపింది. అనితది గుంటూరు, టెక్ కంపెనీలో ఉద్యోగం. కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థులకు గదులు వెతికిపెట్టడం ఆమెకు ఇంకో ఉద్యోగం.

"పరుపులా? భలేవారే సుగుణ గారూ! ఇక్కడ ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపుల కొట్టు పెట్టచ్చండీ. ఏడుగురుండే చోట తొమ్మిదుంటాయి. రేపు సాయంత్రానికి పోగేయిస్తాను, సరేనా?"

పోగేయించింది కూడా. చదువుకోడానికి వచ్చిన ప్రతి పిల్లవాడూ మొదటి వారంలో కొనేది అదే పరుపు. రాత్రి నేలమీద పరిచి, పొద్దున మడిచి గోడకు ఆనించి, దాని మీదే కూర్చుని పార్ట్‌టైమ్ పనులకు అప్లై చేస్తారు. పిల్లలకంటే ఎవరూ కాదనలేదు. బుధవారం సాయంత్రం రామ్మోహన్ తన పికప్ ట్రక్కు నిండా వేసి, పైన పట్టా కప్పి తెచ్చి, ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాడు. ఒకదాని మీద ఆవకాయ నూనె మరక ఉంది. ఇంకొకదాని మీద మార్కర్‌తో "ముట్టుకుంటే చస్తావ్" అని తెలుగులో రాసి ఉంది. సుగుణ అన్నిటికీ ఉతికిన దుప్పట్లు జత చేసింది.

హెలెన్ మొదట ఒప్పుకోలేదు. "బ్రూస్ మళ్లీ రాడు సుగుణా. వచ్చినా ఒప్పుకోడు."

"అడుగు. అడగనిదే అమ్మయినా పెట్టదు."

"మళ్లీ నువ్వేదో బిగించావని అంటాడు."

"బిగించినదాన్ని నేనే కదా. నేనే తిట్లు తింటాను. నువ్వు ఫోన్ చేసి ఇవ్వు, నేను మాట్లాడతాను."

ఫోన్లో సుగుణ ఏం మాట్లాడిందో హెలెన్‌కు సగమే అర్థమైంది. మొదటి మాట మాత్రం స్పష్టంగా వినబడింది. "గడియ తప్పు నాది సార్. పిల్లలది కాదు."

గురువారం మధ్యాహ్నం రెండింటికి బ్రూస్ వచ్చాడు. అప్పటికి సుగుణ హాలు నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి పెట్టింది. మూడు వరసలు, వరసకూ వరసకూ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కనే నడిచేంత దారి, రెండు తలుపుల ముందూ ఖాళీ. ఈసారి తలుపుల ముందు ఒక్క చెప్పుల జత కూడా లేదు. భోజనాలు అప్పుడే అయ్యాయి. సుగుణ ఒక్సానాకు సైగ చేసింది. పెద్దపిల్లలు బల్లలు మడిచి గోడకు చేర్చారు, చిన్నపిల్లలు తలా ఒక చుట్ట దొర్లించుకుంటూ వచ్చి తమ గళ్లలో పరిచారు. బ్రూస్ గడియారం చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు. మళ్లీ చుట్టమన్నాడు. ఏడు నిమిషాలు.

ఆయన టేపు తీసి కొలిచాడు. దారి కొలిచాడు, పరుపుకూ పరుపుకూ మధ్య కొలిచాడు. సుద్ద గీతల మీద మోకాళ్లు ఆనించి రాసుకున్నాడు. తప్పు చేసినవాళ్లకు రెండో అవకాశం ఊరికే దొరకదని సుగుణకు తెలుసు.

"ఖాళీ చేయించి చూపించండి" అన్నాడాయన. "అందరూ పడుకుని ఉండాలి."

హెలెన్ విజిల్ తీసింది. ఒక్సానా ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. సుగుణకు అర్థమైంది, ఆ కూత వింటే పిల్లలకు బాంబుల సైరన్లే గుర్తొస్తాయి. వంటింట్లోకి పరుగెత్తి, స్టీలు పళ్లెం, గరిటె తెచ్చి గణగణా వాయించింది. ఈ ఐదు రోజులుగా పిల్లలను అన్నానికి పిలుస్తున్నది ఆ చప్పుడుతోనే. ముప్పై ఒక్కమందీ లేచి, బయట పళ్లెంతో నిలబడ్డ సుగుణ చుట్టూ చేరారు. యాభై ఎనిమిది సెకన్లు. ఇంకేమైనా పెడుతుందేమోనని మత్వీ ఆమె చేతుల్లోకి తొంగిచూశాడు.

బ్రూస్ నవ్వలేదు గానీ మీసం కదిలింది. "పొగ, గ్యాస్ అలారాలు ఇంకో రెండు పెట్టాలి. ఇంకొకటి. ఇది పడుకోవడానికి కట్టిన హాలు కాదు. కాబట్టి రోజూ రాత్రి ఒక మనిషి తెల్లార్లూ మేలుకుని ఉండాలి. అరగంటకోసారి హాలంతా తిరిగి పుస్తకంలో సంతకం పెట్టాలి. మే నెలలో చలి తగ్గి మిగతా క్యాబిన్లు తెరిచేదాకా. ఆ మనిషి ఎవరో ఇప్పుడే పేరు రాసివ్వాలి. ఒక్క రాత్రి తప్పినా అనుమతి పోతుంది."

హెలెన్ నీరసపడింది. "నాలుగు వారాలు! నా దగ్గర అలాంటి మనిషి లేడు."

"ఉంది" అంది సుగుణ.

"నువ్వు రాత్రంతా మేలుకుంటే పొద్దున వంట ఎవరు చేస్తారు?"

సుగుణ భర్త వైపు చూసింది. రామ్మోహన్ ఆ చూపు తప్పించుకోవడానికి పైకప్పు గొట్టాల వెల్డింగు పరిశీలిస్తున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన చేసిన వంట ఉప్మా ఒక్కటే, అదీ ఉండలు కట్టింది.

"గట్ల సూడకు" అన్నాడు చివరికి. "నాకు మూడు వారాల సెలవులున్నయి. ఆలుగడ్డలు ఉడకబెట్టనీకి ఏం సదువు గావాలె? ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊకనే అన్నరా పెద్దలు! నాలుగో వారం సంగతి దేవుడు సూస్తడు."

సుగుణ వంటింట్లోకి వెళ్లింది. మంగళవారం నుంచీ పిండి డబ్బా మీదే పడి ఉన్న కాగితం తెచ్చింది. పదకొండు గీతలూ ఖాళీగానే ఉన్నాయి. మొదటి గీత మీద తన పేరు రాసింది. మిగతా పదింటినీ అడ్డంగా కొట్టేసి బ్రూస్ చేతికిచ్చింది.

ఆయన దాన్ని చదివి అట్టకు తగిలించాడు. జేబులోంచి ఇనుప గడియ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "దీన్ని మళ్లీ ఎక్కడా బిగించకండి" అన్నాడు.

"ఇక అవసరం లేదు సార్" అంది సుగుణ.

శుక్రవారం పదింటికి బస్సు రాలేదు. రావద్దని హెలెన్ గురువారమే చెప్పేసింది. క్యాబిన్లు రెండూ తరగతి గదులయ్యాయి. సుగుణ రాత్రంతా హాలు తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది, తిరిగేది, తెలుగులో సంతకం పెట్టేది. పొద్దున పళ్లెం వాయించి పిల్లలను లేపి, తలలు లెక్కపెట్టి, పరుపులు చుట్టించి, అప్పుడు వెళ్లి పడుకునేది. మొదటి రోజు పడుకోబోయే ముందు దరీనా వచ్చి తలుపును తడిమి చూసింది. గడియ ఏదని చేత్తో అడిగింది. సుగుణ కుర్చీలో కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేనేనని చూపించింది. దరీనా తల ఊపింది గానీ నమ్మలేదు. వెళ్లి తాడు తీసి తమ్ముడి చేతికి కట్టుకుంది. రెండో రోజూ కట్టింది. ఎనిమిదో రోజు దాకా కడుతూనే ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున పరుపులు చుట్టడం అయ్యాక, సుగుణ గోడవారగా ఉన్న బూట్ల వరస సర్దుతోంది. దరీనా ఎడమ బూటు చేతికొచ్చింది. దానికి తాడు ఎక్కించి ఉంది, పై కన్నం దాకా, పొందికగా. అవతల మత్వీ "ముట్టుకుంటే చస్తావ్" చుట్ట మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ఇంకెవరితోనో కొట్లాడుతున్నాడు. మేజోళ్లతోనే మొహం కడుక్కోవడానికి వెళ్లిన అక్క పక్కన లేదన్న సంగతి వాడు గమనించనేలేదు.

సుగుణ బూటు కింద పెట్టి గబగబా వంటింట్లోకి నడిచింది. రామ్మోహన్ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. వెనక్కి తిరిగి చూసి కత్తి ఆపాడు.

"ఉల్లిగడ్డలు నేను గోస్తుంటే నువ్వెందుకే ఏడుస్తున్నవ్? ఏమైంది? ఎవలన్న పోయిండ్రా?"

"ఎవ్వలు పోలే" అంది సుగుణ, కొంగు లేదు గనక చేతితోనే కళ్లు తుడుచుకుంటూ. "ముప్పై ఒక్కలున్నరు. ఇప్పుడే లెక్కవెట్టిన."